కారణం చెప్పవలసిన పీఠం: రోజర్ ట్రేనర్ న్యాయజీవితం

న్యాయవాద వృత్తికే జీవితాన్ని అంకితం చేసిన ఒక పెద్దమనిషి స్మృతిలో జరుగుతున్న ఉపన్యాసం ఇది. స్మారక సభలో ప్రశంస సహజమే. అయితే న్యాయరంగంలోని వారిని తలచుకునే సభకు ప్రశంస కన్నా వాదమే తగిన నివాళి అని నా నమ్మకం. ఎదుటి పక్షం మాట విని జవాబు చెప్పడంలోనే బతుకు గడిపినవారి పేరిట మాట్లాడేటప్పుడు ఒక ప్రతిపాదన పెట్టి, దానికి రాగల ఆక్షేపణలను ఎదుర్కొని, నిలిచినంత మేరకు దాన్ని నిలబెట్టడం మర్యాద. అందుకు ఆధారంగా ఒక న్యాయమూర్తి జీవితాన్ని తీసుకుంటున్నాను. ఆయన మన దేశస్థుడు కాదు. వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టులో ఏనాడూ కూర్చోలేదు. కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టులో 1940 నుంచి 1970 వరకు ముప్పై ఏళ్లు పనిచేసి, అందులో చివరి ఆరేళ్లు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న రోజర్ జాన్ ట్రేనర్ ఆయన.

నా ప్రతిపాదన ఇది. న్యాయమూర్తులు చట్టాన్ని చేస్తారా, ఉన్న చట్టాన్ని చెబుతారా అనే పాత వివాదంలో అసలు ప్రశ్న మరుగున పడిపోతోంది. తీర్పుల ద్వారా పెరిగే న్యాయవ్యవస్థలో పాత సూత్రాన్ని మార్చడం ఎలా ఒక నిర్ణయమో, దాన్ని అలాగే కొనసాగించడమూ అలాగే ఒక నిర్ణయం. రెంటికీ న్యాయమూర్తే బాధ్యుడు. కాబట్టి ఆయన అధికారానికి హద్దును మార్పుకూ స్థిరత్వానికీ మధ్య వెతికితే దొరకదు. తన నిర్ణయానికి దారితీసిన అసలు కారణాలను దాచకుండా రాయడం, అలా రాసి వాటిని శాసనసభ దిద్దుబాటుకూ తరువాతి ధర్మాసనాల పరీక్షకూ అప్పగించడం, ఆ కారణం ఆగిన చోట తానూ ఆగడం: న్యాయమూర్తి అధికారానికి హద్దు ఇదే. ట్రేనర్ వృత్తిజీవితం ఈ మాటకు గట్టి సాక్ష్యం. కొన్ని చోట్ల ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూపే పరీక్ష కూడా.

ఒక రాష్ట్ర న్యాయమూర్తిని ఎందుకు ఎంచుకున్నానో మన శ్రోతలకు కొంత వివరించాలి. మన దేశంలో రాష్ట్ర శాసనాన్నైనా, కేంద్ర శాసనాన్నైనా అంతిమంగా వ్యాఖ్యానించేది ఢిల్లీలోని సుప్రీంకోర్టే. హైకోర్టు తీర్పు ఏ విషయంలోనైనా అక్కడికి వెళ్లగలదు. అమెరికా నిర్మాణం వేరు. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత అత్యున్నత న్యాయస్థానం ఉంది. ఒప్పందాలు, ఆస్తి, వివాహం, ప్రమాదాల నష్టపరిహారం వంటి నిత్యజీవిత విషయాల్లో రాష్ట్ర చట్టం ఏమిటో చెప్పడంలో ఆ న్యాయస్థానానిదే చివరి మాట. ఫెడరల్ రాజ్యాంగం ప్రమేయం లేనంతవరకు వాషింగ్టన్ దాన్ని మార్చలేదు. 1938లో వచ్చిన ఈరీ రైల్‌రోడ్ తీర్పు ఈ స్థితిని మరింత బలపరచింది. వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య వివాదం ఫెడరల్ కోర్టుకు వచ్చినా అది సంబంధిత రాష్ట్ర న్యాయసూత్రాలనే అనుసరించాలని ఆ తీర్పు నిర్దేశించింది. ఆ తరువాత రెండేళ్లకే ట్రేనర్ న్యాయపీఠం ఎక్కాడు. పెద్ద పత్రికల దృష్టి వాషింగ్టన్ మీద ఉన్నా, సామాన్యుడికి రోజూ తగిలే చట్టం తయారయ్యే చోటు రాష్ట్రాల్లోని ఈ న్యాయస్థానాలే. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో బెంజమిన్ కార్డోజో 1916లో ఇచ్చిన మెక్‌ఫర్సన్ తీర్పు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కారు చక్రం విరిగి గాయపడిన కొనుగోలుదారుకు తయారీ సంస్థతో నేరుగా ఒప్పందం లేకపోయినా, నిర్లక్ష్యం రుజువైతే ఆ సంస్థ బాధ్యత వహించాలని ఆ తీర్పు చెప్పింది. ఇంగ్లండులో 1842 నాటి వింటర్‌బాటమ్ కేసు నుంచి నిలిచిన ఒప్పందపు గోడను అది కూల్చింది. ట్రేనర్ ఈ పరంపరకు వారసుడు.

ఆయన 1900 ఫిబ్రవరి 12న యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే గనుల పట్టణంలో ఐర్లండు నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. చదువు కోసం కాలిఫోర్నియా వెళ్లి బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరి, రాజనీతిశాస్త్రంలో డాక్టరేటునూ న్యాయశాస్త్ర పట్టానూ దాదాపు ఒకే కాలంలో సంపాదించాడు. తరువాత అక్కడే న్యాయశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆయన విషయం పన్నుల చట్టం. 1930ల ఆర్థిక మాంద్యంలో కాలిఫోర్నియా ఖజానా ఖాళీ అయినప్పుడు 1933 నాటి అమ్మకపు పన్ను చట్టం మొదలుకొని ఆ రాష్ట్రపు కొత్త పన్నుల వ్యవస్థను రూపొందించినవారిలో ఆయన ముఖ్యుడు. అమెరికా ట్రెజరీ శాఖకు కూడా సలహాలిచ్చాడు. ఈ నేపథ్యం అప్రధానం కాదు. పన్నుల చట్టం రాసే మనిషి ఒక నియమం వల్ల భారం ఎవరి మీద పడుతుంది, దాన్ని ఎవరు మోయగలరు, ఎవరి మీదికి మళ్లించగలరు అని లెక్క వేస్తాడు. ప్రమాద నష్టపరిహార చట్టాన్ని ట్రేనర్ తరువాత చూసిన చూపు అక్కడ అలవడినదే. శాసనసభ చేయగల పని ఏదో, కోర్టు చేయగల పని ఏదో కూడా ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. శాసనాలు రాసే బల్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నాడు.

న్యాయమూర్తి పదవి ఆయనకు వచ్చిన తీరు కూడా మన వాదానికి సంబంధించినదే. గవర్నర్ కల్బర్ట్ ఓల్సన్ 1940లో మొదట ప్రతిపాదించిన పేరు బర్కిలీలోని మరో ఆచార్యుడు మాక్స్ రాడిన్‌ది. అర్హతల కమిషన్ ఆ పేరును తిరస్కరించింది. ఆ కమిషన్‌లో నాటి అటార్నీ జనరల్, తరువాత అమెరికా ప్రధాన న్యాయమూర్తి అయిన ఎర్ల్ వారెన్ ఓటు కూడా రాడిన్‌కు వ్యతిరేకంగానే పడింది. తరువాత వచ్చిన పేరు ట్రేనర్‌ది. ఏ కోర్టులోనూ న్యాయమూర్తిగా పనిచేయని ఆచార్యుడు నేరుగా రాష్ట్రపు అత్యున్నత పీఠం ఎక్కాడు. అయితే కాలిఫోర్నియా పద్ధతిలో నియామకంతో పని ముగియదు. గవర్నర్ నియమించిన న్యాయమూర్తిని కొనసాగించాలా వద్దా అని ఓటర్లను అడుగుతారు, పదవీకాలం ముగిసినప్పుడల్లా మళ్లీ అడుగుతారు. 1986లో ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌నూ మరో ఇద్దరినీ ఓటర్లు ఇంటికి పంపారు. అంటే ట్రేనర్ రాసిన ప్రతి తీర్పూ జనం చదవగలిగేది, జనం శిక్షించగలిగేది. 1964లో గవర్నర్ పాట్ బ్రౌన్ ఆయనను ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. 1970లో పదవీ విరమణ చేసి, 1983 మేలో ఆయన బర్కిలీలో కన్నుమూశాడు.

ఇక సాక్ష్యాలలోకి వెళదాం. మొదటిది 1944 జూలైలో వచ్చిన ఎస్కోలా కేసు. మెర్సెడ్ పట్టణంలోని ఒక హోటల్లో వడ్డన పనిచేసే మహిళ కోకాకోలా సీసాలను పెట్టెలోంచి తీసి రిఫ్రిజిరేటర్‌లో సర్దుతోంది. మూడు సీసాలు పెట్టింది. నాలుగోది చేతిలోనే పేలింది. అరచేతిలో ఐదంగుళాల గాయమై నరాలు, కండరాలు, రక్తనాళాలు తెగిపోయాయి. సీసాలు నింపిన సంస్థ ఏ దశలో ఏ తప్పు చేసిందో ఆమె చూపలేకపోయింది; చూపడం ఎవరికైనా అసాధ్యం. ప్రధాన న్యాయమూర్తి ఫిల్ గిబ్సన్ రాసిన ప్రధాన తీర్పు, సంఘటనే నిర్లక్ష్యాన్ని చాటుతోందన్న పాత సూత్రాన్ని వాడి ఆమెకు న్యాయం చేసింది. ఫలితంతో ట్రేనర్ ఏకీభవించాడు కాని కారణంతో ఏకీభవించలేదు. తయారీదారు తాను చూపగల జాగ్రత్తలన్నీ చూపినట్టు సాక్ష్యమిచ్చినా కోర్టు అతడిదే తప్పని తేల్చుతున్నప్పుడు, నిర్లక్ష్యం అన్న మాట పేరుకే మిగిలిందని ఆయన ఎత్తిచూపాడు. కోర్టు నిజంగా చేస్తున్నది తప్పుతో నిమిత్తం లేని బాధ్యతను మోపడమే అయితే, ఆ మాటే చెప్పి దానికి కారణాలు చెప్పాలన్నాడు.

ఆ కారణాలు ఈనాటికీ చదవదగినవి. ప్రమాదాన్ని ముందుగా ఊహించి నివారించగల స్థితి తయారీదారుదే గాని వినియోగదారుది కాదు. గాయం ఖర్చు ఒక్క మనిషి మీద పడితే ఆ బతుకే కూలిపోతుంది. తయారీదారు బీమా చేసి ధరలో కలిపితే అది అందరి మీదా కొద్దికొద్దిగా పడుతుంది. ఊరి కుమ్మరి దగ్గర కుండ కొనేవాడు దాన్ని వేలితో తట్టి చూసుకోగలడు. మూతపడిన సీసాలో ఏముందో కొనేవాడికి తెలియదు. వ్యాపార ప్రకటనలూ ట్రేడ్‌మార్కులూ అతడి జాగ్రత్తను ఉద్దేశపూర్వకంగానే జోకొడుతున్నాయి. కల్తీ ఆహారం విషయంలో శాసనం ఇదివరకే ఇలాంటి కఠిన బాధ్యతను పెట్టింది. ఈ వాదనలో ఏ అడుగూ చాటుగా లేదు. అందుకే దాన్ని ఖండించడం కూడా సాధ్యం. సహన్యాయమూర్తులు అప్పుడు ఒప్పుకోలేదు, ఆ అభిప్రాయం ఆయన ఒక్కడిదిగానే మిగిలింది. 1958లో పాల సీసా పగిలిన కేసులో ఆయన మళ్లీ అదే మాట రాశాడు. మెజారిటీ మళ్లీ కదలలేదు.

కదలిక 1963 జనవరిలో గ్రీన్‌మన్ కేసులో వచ్చింది. ఆ కేసుకు మూలం రంపం, డ్రిల్లు, లేత్ యంత్రం మూడూ కలిసిన ఒక ఇంటి పనిముట్టు; అది 1955లో క్రిస్మస్ కానుకగా ఇంటికి వచ్చింది. 1957లో లేత్ మీద చెక్క ముక్కను గుండ్రంగా చెక్కుతుండగా అది ఎగిరి యజమాని నుదుటికి తగిలి తీవ్ర గాయం చేసింది. యంత్రభాగాలను పట్టి ఉంచే స్క్రూలు చాలినంత గట్టివి కావు. యజమాని అమ్మకపు హామీ ఉల్లంఘన గురించి తగిన సమయంలో నోటీసు ఇవ్వలేదు కాబట్టి దావా చెల్లదని తయారీ సంస్థ వాదించింది. వ్యాపారుల మధ్య సరుకుల లావాదేవీ కోసం పుట్టిన నియమాన్ని గాయపడిన గృహస్థు మీద ప్రయోగించడం తెలియని మనిషిని ఉచ్చులో పడేయడమేనని ట్రేనర్ అన్నాడు. ఎస్కోలాలో ఒంటరిగా చెప్పిన సూత్రాన్నే ఈసారి ఏకగ్రీవ ధర్మాసనం తరఫున చెప్పాడు. మరుసటి సంవత్సరం అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ ఆ సూత్రాన్ని 402ఎ విభాగంగా తన సంకలనంలో ఆమోదించింది. రాష్ట్రం వెంట రాష్ట్రం దాన్ని స్వీకరించింది. పందొమ్మిదేళ్లు పట్టింది. ఆ పందొమ్మిదేళ్లలో ఆయన సూత్రాన్ని ఏ తీర్పులోనూ దొడ్డిదారిన చేర్చలేదు. తనదైన అభిప్రాయంగానే రాసి, ఆచార్యుల విమర్శకూ ఇతర న్యాయస్థానాల అనుభవానికీ వదిలి, మెజారిటీ వచ్చేవరకు వేచి ఉన్నాడు.

రెండో సాక్ష్యం 1948 అక్టోబరు నాటి పెరెజ్ తీర్పు. లాస్ ఏంజిలెస్‌లో పెళ్లి లైసెన్సు కోసం వచ్చిన ఒక జంటకు కౌంటీ క్లర్కు దాన్ని నిరాకరించాడు. వధువు మెక్సికన్ సంతతి కాబట్టి చట్టం దృష్టిలో శ్వేతజాతీయురాలు, వరుడు నల్లజాతీయుడు. శ్వేతజాతివారు నీగ్రో, మంగోలియన్, మలయ జాతులవారినీ మిశ్రజాతివారినీ పెళ్లాడరాదని కాలిఫోర్నియా సివిల్ కోడ్ చెప్పేది. అటువంటి నిషేధం ఆ రాష్ట్రం పుట్టిన 1850 నుంచే ఉంది. దేశంలో సగానికి పైగా రాష్ట్రాల్లోనూ ఉండేది. నాలుగు ఓట్లకు మూడు ఓట్ల తేడాతో ఆ నిషేధం పడిపోయింది. ప్రధాన అభిప్రాయం ట్రేనర్‌ది. పెళ్లి చేసుకునే హక్కు జాతులది కాదు, వ్యక్తులది; కాబట్టి అన్ని జాతులనూ సమానంగా నిషేధించామన్న సమర్థన చెల్లదు అన్నది ఆయన వాదంలో కీలకం. జాతుల మేలు గురించి రాష్ట్రం చెప్పిన శాస్త్రీయ కారణాలను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి నిలవవని చూపాడు. మిశ్ర సంతతివారి విషయంలో ఎంత భాగం ఏ జాతి అని తేల్చే కొలమానమే ఆ చట్టంలో లేదని నిరూపించాడు. అసమ్మతి తెలిపిన న్యాయమూర్తులు శాసనసభ నిర్ణయాన్నీ దాదాపు వందేళ్ల ఆచారాన్నీ ఆధారం చేసుకున్నారు. శాసనసభ ఆ నిబంధనను పుస్తకాల్లోంచి తొలగించింది 1959లో. అమెరికా సుప్రీంకోర్టు లవింగ్ కేసులో దేశమంతటా ఇటువంటి చట్టాలను కొట్టివేసింది 1967లో. ఒక రాష్ట్ర న్యాయస్థానం చెప్పిన కారణం దేశపు అత్యున్నత న్యాయస్థానం కన్నా పందొమ్మిదేళ్లు ముందు నడిచింది. నేడు కాలిఫోర్నియాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు అక్కడ ఎవరు ఎవరిని పెళ్లాడవచ్చో రాష్ట్రం చెప్పే రోజులు ఊహకు కూడా రావంటే దాని వెనుక ఈ తీర్పు ఉంది.

మూడోది 1955 నాటి కాహన్ కేసు. పందేల వ్యాపారం నడుపుతున్నారన్న అనుమానంతో లాస్ ఏంజిలెస్ పోలీసులు కొందరి ఇళ్లలోకి రహస్యంగా చొరబడి మైక్రోఫోన్లు అమర్చారు. అందుకు పోలీసు అధిపతి అనుమతి కూడా ఉంది. అలా దొరికిన సాక్ష్యాన్ని కోర్టులో చెల్లనివ్వరాదని ట్రేనర్ మెజారిటీ తరఫున తీర్పు చెప్పాడు. ఇందులో గమనించవలసిన విషయం, 1942లో గొంజాలెజ్ కేసులో అటువంటి సాక్ష్యం చెల్లుతుందని రాసింది ట్రేనరే. అప్పట్లో ఆయన ఆధారపడింది ఇతర మార్గాల మీద: తప్పుచేసిన పోలీసు మీద క్రిమినల్ కేసు, సివిల్ దావా, శాఖాపరమైన చర్య ఉన్నాయి కదా అని. పదమూడేళ్ల అనుభవం ఆ మార్గాలేవీ పనిచేయడం లేదని చూపింది. అధికారులు ధైర్యంగా, ఒప్పుకునే పద్ధతిలో రాజ్యాంగాన్ని ఉల్లంఘించి, ఆ ఫలాన్ని కోర్టు చేతిలో పెడుతున్నారు. దాన్ని తీసుకుంటే కోర్టు ఆ ఉల్లంఘనలో భాగస్వామి అవుతుంది. తాను పూర్వం నమ్మిన కారణం నిజం కాదని తేలినప్పుడు దాని మీద నిలిచిన సూత్రాన్ని వదిలేసి, అలా వదిలేస్తున్నానని బాహాటంగా రాశాడు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు మ్యాప్ కేసులో ఇదే నియమాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తూ కాహన్ తీర్పును ఆధారంగా పేర్కొంది.

ఈ సాక్ష్యాల మీద బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. మొదటిది ప్రజాస్వామ్యానికి సంబంధించినది: ఎన్నికైన శాసనసభ ఉండగా ఏడుగురు న్యాయమూర్తులు సూత్రాలు ఎలా మారుస్తారు? దీనికి ట్రేనర్ జీవితంలోనే జవాబు ఉంది. 1961 నాటి మస్కాఫ్ తీర్పులో ప్రభుత్వ ఆసుపత్రి మీద రోగి వేసిన దావాను విచారిస్తూ ఆయన, ప్రభుత్వం తన సేవకుల నిర్లక్ష్యానికి బాధ్యత వహించనవసరం లేదన్న సార్వభౌమ రక్షణ సూత్రాన్ని కొట్టివేశాడు. ఆ రక్షణ రాజు తప్పు చేయడన్న కాలపు అవశేషమని, దాని సమర్థన ఎప్పుడో అంతరించిందని చెప్పాడు. శాసనసభ వెంటనే స్పందించింది. తీర్పు ప్రభావాన్ని తాత్కాలికంగా నిలిపి, అధ్యయనం చేయించి, 1963లో ప్రభుత్వ బాధ్యతల మీద సమగ్రమైన చట్టం చేసింది. కొన్ని రక్షణలు నిలిచాయి, కొన్ని పోయాయి. కోర్టు శాసనసభ నోరు మూయించలేదు. అది ఆలోచించక తప్పని పరిస్థితి కల్పించింది. విడాకుల విషయంలోనూ అంతే. భార్యాభర్తలిద్దరిదీ తప్పయితే ఎవరికీ విడాకులు దక్కవన్న కఠిన సూత్రాన్ని ట్రేనర్ 1952లో డిబర్గ్ కేసులో సడలించాడు. 1969లో కాలిఫోర్నియా శాసనసభ తప్పుతో పనిలేని విడాకుల చట్టాన్ని తెచ్చింది. కామన్ లా సూత్రాన్ని ఏ రోజైనా మామూలు శాసనంతో రద్దు చేయవచ్చు. అందుకే ఈ రంగంలో కోర్టు మాట చివరి మాట అయ్యే ప్రమాదం తక్కువ.

శాసనసభకే వదిలేయాలన్న వాదానికి మన అనుభవం వేరొక కోణం చూపుతుంది. కస్తూరీలాల్ కేసులో మీరట్ పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారం ఠాణా నుంచి మాయమైనా, అది సార్వభౌమాధికార నిర్వహణలో జరిగిందంటూ మన సుప్రీంకోర్టు వ్యాపారికి పరిహారం నిరాకరించింది. ఈ స్థితి సంతృప్తికరం కాదని ఒప్పుకుంటూనే, మార్పు శాసనకర్తల పని అని వదిలింది. 1965లో, 1967లో బిల్లులు వచ్చాయి. ఏ ఒక్కటీ చట్టం కాలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత 1994లో మళ్లీ సుప్రీంకోర్టే ఆ పని చేయవలసి వచ్చింది. ఆ కేసు మన రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఎరువులూ ధాన్యమూ అమ్మే ఒక వ్యాపారి సరుకును 1975లో అధికారులు స్వాధీనం చేసుకున్నారు, తిరిగి ఇచ్చేనాటికి అది పాడైపోయింది. ఎన్. నాగేంద్రరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు సార్వభౌమ రక్షణ పరిధిని బాగా కుదించింది. మరో తెలుగు కేసు కూడా ఇక్కడ చెప్పాలి. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉన్న ఖైదీని ప్రత్యర్థులు బాంబులతో దాడిచేసి చంపారు. జైలులో ఉన్నవాడి ప్రాణాన్ని కాపాడలేని ప్రభుత్వం సార్వభౌమ రక్షణ చాటున దాక్కోవడానికి వీల్లేదని మన హైకోర్టు చెప్పింది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. శాసనసభ రావాలని ఎదురుచూసిన ఆ దశాబ్దాల భారాన్ని మోసింది నష్టపోయిన పౌరులే.

రెండో ఆక్షేపణ నిశ్చయతకు సంబంధించినది. సూత్రాలు మారుతూ పోతే వ్యాపారం ఎలా, ఒప్పందాలు ఎలా అని. దీని బరువును తక్కువ చేయరాదు. కాని నిశ్చయత ఎక్కడ ఉంటుందో ముందు తేల్చాలి. 1958 నాటి డ్రెన్నన్ కేసులో ఒక బడి నిర్మాణానికి ప్రధాన కాంట్రాక్టరు టెండరు వేస్తున్నాడు. తారు పనికి ఒక ఉపకాంట్రాక్టరు 7,131 డాలర్ల 60 సెంట్లకు ఫోన్లో ధర చెప్పాడు. దాన్ని లెక్కలో చేర్చుకుని ప్రధాన కాంట్రాక్టరు టెండరు దక్కించుకున్నాడు. మర్నాడు వెళితే, లెక్క తప్పింది, 15,000 కన్నా తక్కువకు చేయనన్నాడు ఉపకాంట్రాక్టరు. అంగీకారం రాకముందు ప్రతిపాదనను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నది పాత సూత్రం. ట్రేనర్ మాత్రం, ఎదుటివాడు ఆధారపడతాడని తెలిసి ధర చెప్పినవాడు దాన్ని తగినంత కాలం నిలబెట్టాలని తీర్పునిచ్చాడు. మరొకరితో 10,948 డాలర్ల 60 సెంట్లకు పని చేయించుకున్న కాంట్రాక్టరుకు తేడా 3,817 డాలర్లు దక్కాయి. పాత సూత్రం న్యాయవాదులకు నిశ్చయతను ఇచ్చింది. కొత్త సూత్రం నిర్మాణ వృత్తిలో ఉన్నవారికి ఇచ్చింది. అయితే ట్రేనర్ ప్రతిసారీ ఈ తూకం సరిగ్గా వేశాడని నేను అనను. 1968లో థామస్ డ్రేయేజ్ కేసులో ఒప్పంద పత్రంలోని మాటలు స్పష్టంగా కనిపించినా, పక్షాల ఉద్దేశం తెలుసుకోవడానికి బయటి సాక్ష్యాన్ని చూడవచ్చని ఆయన చెప్పాడు. రాసుకున్న పత్రం మీద నమ్మకాన్నే ఇది దెబ్బతీస్తుందని 1988లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు తీవ్రంగా విమర్శించింది. ఆ విమర్శలో పస ఉంది. విమర్శ అంత సూటిగా రావడానికి కారణం, ట్రేనర్ తన ఆలోచనను తీర్పులో పూర్తిగా పరచి పెట్టడం.

మూడోది అన్నిటికన్నా పదునైనది. కారణాలు రాసినంత మాత్రాన ఏమైంది? తెలివైన న్యాయమూర్తి తనకు నచ్చిన ఫలితాన్ని ముందే ఎంచుకుని కారణాలను తరువాత అల్లగలడు కదా? అల్లగలడు, సందేహం లేదు. కాని అల్లిన కారణం తదుపరి కేసులో తననే పట్టుకుంటుంది. 1965 నాటి సీలీ కేసు దీనికి నిదర్శనం. ఒక లారీ కొన్న వ్యాపారికి అది సరిగా నడవక నష్టం వచ్చింది, గాయం లేదు. కఠిన బాధ్యతను ఇక్కడికీ పొడిగించాలని ఒత్తిడి వచ్చింది. ఆ సూత్రాన్ని సృష్టించినవాడే ఒప్పుకోలేదు. దేహానికి జరిగే హానిని సమాజమంతటికీ పంచడానికి చెప్పిన కారణం, బేరం ఆశించినంత లాభించలేదన్న ఫిర్యాదుకు వర్తించదని, అది పక్షాల మధ్య ఒప్పందపు విషయమని తేల్చాడు. ఫలితం మీదే ప్రేమ ఉన్నవాడైతే అక్కడ ఆగి ఉండేవాడు కాదు. ఆయన తరువాత నష్టపరిహార చట్టం అతిగా విస్తరించి బీమా ధరలు పెంచిందన్న ఫిర్యాదు అమెరికాలో బలంగా వినిపించింది. ఆ విస్తరణకు గీత ఎక్కడ గీయాలో వెతికినవారు తిరిగి వెళ్లింది సీలీ తీర్పు దగ్గరికే. అది ఆ తీర్పు కారణాల బలం.

మన వైపు చూస్తే, ట్రేనర్ సమకాలికుడు, రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు గుర్తుకు రాకమానడు. 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, తరువాత దేశ ప్రధాన న్యాయమూర్తి. 1962లో ఖరక్‌సింగ్ కేసులో, పోలీసులు నిఘా పెట్టడమే వ్యక్తిగత స్వేచ్ఛను హరించడమని ఆయన రాసిన అసమ్మతి, ఎస్కోలాలో ట్రేనర్ రాసిన అభిప్రాయంలాగే చాలాకాలం వేచి, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది ధర్మాసనం గోప్యత హక్కును గుర్తించినప్పుడు నెగ్గింది. 1967 గోలక్‌నాథ్ తీర్పులో, పాత తీర్పును రద్దు చేస్తూనే దాని ప్రభావాన్ని భవిష్యత్తుకే పరిమితం చేసే పద్ధతిని అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చి మనకు పరిచయం చేసింది కూడా ఆయనే. ఇక ప్రమాద బాధ్యతలో 1986లో ఢిల్లీ ఓలియం వాయువు కేసులో మన సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి సంపూర్ణ బాధ్యత ఉందని చెబుతూ ఇచ్చిన కారణాలు, ప్రమాదాన్ని కనిపెట్టగల స్థితీ భారాన్ని మోయగల స్థితీ ఆ సంస్థకే ఉన్నాయన్నవి, ట్రేనర్ తర్కానికి బంధువులే. 2020 మేలో విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ వెలువడినప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుగా 50 కోట్ల రూపాయలు జమచేయమనగలిగింది ఆ తరహా ఆలోచన మన చట్టంలో నాటుకున్నందువల్లే. లోపమున్న వస్తువు వల్ల జరిగే హానికి తయారీదారు బాధ్యతను మన పార్లమెంటు ప్రత్యేక అధ్యాయంగా చేర్చింది మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే.

కాహన్ తీర్పు వేసిన ప్రశ్న మాత్రం మన దగ్గర ఇంకా తెరిచే ఉంది. చట్టవిరుద్ధమైన సోదాలో దొరికినదైనా, విషయానికి సంబంధించిన సాక్ష్యమైతే దాన్ని తోసిపుచ్చనవసరం లేదని మన సుప్రీంకోర్టు 1973 చివర పూరణ్‌మల్ కేసులో చెప్పింది. ఆ నిర్ణయానికి సమర్థన ఉండవచ్చు. అయితే ట్రేనర్ 1955లో చేసినట్టు, ఇతర మార్గాలు నిజంగా పనిచేస్తున్నాయా అని అనుభవాన్ని ముందు పెట్టుకుని అడగవలసిన పని మిగిలి ఉంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తరువాత ఆ ప్రశ్న మరింత అత్యవసరం. జవాబు ఏదైనా కావచ్చు, జవాబుకు కారణం ఉండాలి.

న్యాయమూర్తుల మీద మనం వేసే తూకం మారాలన్నదే ఈ ప్రసంగపు సారాంశం. సాహసి అని ఒకరిని పొగడుతాం, సంప్రదాయవాది అని మరొకరిని సమర్థిస్తాం. ఈ రెండు బిరుదులూ తీర్పు ఫలితాన్ని బట్టి ఇచ్చేవే. తీర్పు ఇచ్చినవారు పాత సూత్రానికి ఉన్న కారణాన్ని వెతికారా, అది ఇంకా బతికే ఉందో లేదో అడిగారా, మార్చినా నిలిపినా తమ అసలు కారణాన్ని కక్షిదారుకు అర్థమయ్యేలా రాశారా, ఆ కారణం ఆగిన చోట తామూ ఆగారా అన్న ప్రశ్నలు ఏ న్యాయమూర్తినైనా, ఏ పక్షంవారైనా అడగగలిగేవి. కింది కోర్టు నుంచి హైకోర్టు వరకు, ఒక్క వాక్యంలో దరఖాస్తులు కొట్టివేయడం, పేజీలకు పేజీలు పాత తీర్పుల భాగాలను అతికించి సొంత కారణాన్ని రెండు వాక్యాల్లో ముగించడం అలవాటైన మన న్యాయవ్యవస్థకు ఇవి అవసరమైన ప్రశ్నలు. న్యాయవాదులు తమ వాదనల్లో వీటిని అడగాలి, న్యాయశాస్త్ర కళాశాలలు పరీక్షల్లో అడగాలి, న్యాయమూర్తులు తీర్పు మీద సంతకం పెట్టే ముందు తమను తాము అడగాలి. ఓడిపోయిన కక్షిదారు కోర్టు మెట్లు దిగుతూ తాను ఎందుకు ఓడిపోయాడో చెప్పగలిగితే, ఆ కారణం తప్పని పై కోర్టులోనో శాసనసభలోనో వాదించగలిగితే, ఆ న్యాయస్థానం తన అధికారాన్ని పౌరులకు లెక్క చెబుతూ వాడినట్టు. న్యాయస్థానాల స్వతంత్రత కోసం పోరాడే హక్కు మనకు ఉన్నట్టే, ఈ లెక్క అడిగే హక్కూ మనకు ఉంది.